సాగదీసిన పాట ఎక్కడ చిరుగుతుంది

పాట వేగం మార్చడం ఒక పని. శ్రుతి కదలకుండా వేగం మార్చడం వేరే పని. మొదటిది గ్రామఫోను రోజుల నుంచీ అందరూ ఎరిగినదే. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల మీద పెడితే పాట త్వరగా ముగుస్తుంది, గాయకుడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా సన్నబడుతుంది. టేపురికార్డర్‌లో బ్యాటరీలు నీరసిస్తే సరిగ్గా తలకిందులు: పాట ఈడుస్తుంది, గొంతు బొంగురుపోతుంది. అక్కడ వేగమూ శ్రుతీ ఒకే ఇరుసుకు బిగించిన చక్రాలు. వేగం రెట్టింపైతే శ్రుతి ఒక స్థాయి పైకి పోతుంది. వేగం సుమారు 6 శాతం పెరిగితే ఒక స్వరస్థానం, అంటే హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి దాన్ని ఆనుకున్న మెట్టుకు, జరుగుతుంది.

ఆ ఇరుసును విరిచి రెంటినీ విడదీయడమే టైమ్ స్ట్రెచింగ్. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను ఒకటిన్నర రెట్ల వేగంతో వినేవారు, యూట్యూబ్ పాఠాన్ని ముప్పావు వేగానికి దించి రాసుకునేవారు, కూచిపూడి తరగతిలో పిల్లల కాళ్లు అందుకునేలా పాటను నెమ్మది చేసే గురువులు, పాత పాటకు కొత్త బీటు కట్టే డీజేలు అందరూ వాడేది దీన్నే. మాటల వరకు చెవి సర్దుకుపోతుంది. పాట దగ్గర ఆ మొహమాటం ఉండదు. మృదంగం దెబ్బ తడిసిన అట్టలా మెత్తబడుతుంది. గొంతు వెనక రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఇంకో గొంతు రొద పెడుతుంది. నిలకడగా సాగాల్సిన వయొలిన్ వణుకుతుంది.

వీటన్నిటినీ సాఫ్ట్‌వేర్ చేతగానితనం కింద కొట్టిపారేస్తే సగమే నిజమవుతుంది. అసలు ‘సాగదీయడం’ అన్న మాటే కొంచెం మోసపు మాట. ధ్వనికి రబ్బరు గుణం లేదు. సీడీ నాణ్యత ఉన్న ఫైలులో ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 అంకెలుంటాయి. అంతకుమించి అందులో ఏమీ లేదు. నాలుగు నిమిషాల పాటను ఐదు నిమిషాలు చేయాలంటే ఇంకో నిమిషానికి సరిపడే 26,46,000 అంకెలను సాఫ్ట్‌వేర్ పుట్టించాలి. ఐదు నిమిషాలను నాలుగు చేయాలంటే అన్నే అంకెలను పారేయాలి. పుట్టించినా పారేసినా అది ఊహ మీద నడిచే పనే. ఊహ తప్పిన చోట వినిపించేదే మరక. ఒక్కో తప్పుడు ఊహకు ఒక్కో రకం మరక ఉంటుంది కాబట్టి, వినిపించినదాన్ని బట్టి తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవచ్చు. అది పట్టుబడితే సగం మరమ్మతు అయినట్టే.

ఊహల్లో పాతది కత్తిరించి అతికే పద్ధతి. ధ్వనిని కొన్ని పదుల మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. నెమ్మది చేయాలంటే కొన్ని ముక్కలను రెండేసిసార్లు వాడతారు, వేగం పెంచాలంటే కొన్నిటిని వదిలేస్తారు. ముక్కలోపలి ధ్వనిని ముట్టుకోరు కాబట్టి శ్రుతి మారదు. తర్వాతి కాలంలో హోలోగ్రఫీకి నోబెల్ బహుమతి అందుకున్న డెనిస్ గాబర్ 1940లలో ధ్వనిని ఇలాంటి కణాల మూటగా చూడవచ్చని ప్రతిపాదించి, సినిమా ఫిల్ము మీది సౌండ్ ట్రాక్‌ను తిరిగే డ్రమ్ము గుండా చదివే యంత్రంతో ప్రయోగాలు చేశాడు. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గ్రాంట్ ఫెయిర్‌బ్యాంక్స్ బృందం తిరిగే టేప్ హెడ్లతో ఇదే పని చేయించింది. 1970ల మధ్యలో వచ్చిన ఈవెంటైడ్ హెచ్ 910 అనే స్టూడియో పరికరం ముక్కలను అతికిన ప్రతిచోటా టిక్కుమని చప్పుడు చేసేది. ఆ తర్వాతి హెచ్ 949 నమూనాలో అతుకు ఎక్కడ వేయాలో వెతికే ఏర్పాటు చేర్చారు.

ఆ వెతుకులాటలోనే కిటుకంతా ఉంది. గళ్ల బట్టను అతికే దర్జీ గడికి గడి కలిసే చోటే కుట్టు వేస్తాడు. అప్పుడు అతుకు కనిపించదు. ధ్వని తరంగం కూడా గళ్ల బట్టలాంటిదే. సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మాట్లాడే మగ గొంతులో అదే ఆకారం ప్రతి 10 మిల్లీసెకన్లకు తిరిగి వస్తుంది. ముక్కను సరిగ్గా ఆ ఆకారాలు కలిసే చోట అతికితే చెవికి ఏమీ తెలియదు. 1993లో వెర్నర్ వెర్‌హెల్స్ట్, మార్క్ రూలాండ్స్ ప్రకటించిన డబ్ల్యు సోలా పద్ధతి చేసేది ఇదే. ఒకే గొంతుకూ, ఒకే వేణువుకూ ఇంతకన్నా శుభ్రమైన దారి దొరకడం కష్టం. కానీ గొంతు, వీణ, తంబుర, మృదంగం కలిసి మోగేటప్పుడు ఒకే బట్ట మీద నాలుగు కొలతల గళ్లు పడినట్టవుతుంది. ఒక గడి కలిపితే ఇంకోటి తప్పుతుంది. ఆ తప్పినదే వణుకుగా, గరగరగా వినిపిస్తుంది.

ముక్క పొడవు కూడా ఇక్కడ నిర్ణయించాల్సిందే. దీన్నే చాలా సాఫ్ట్‌వేర్‌లు గ్రెయిన్ సైజ్ అంటాయి. 50 హెర్ట్జ్ బేస్ స్వరానికి ఒక చుట్టు పూర్తి కావడానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. ముక్క అంతకంటే పొట్టిదైతే స్వరం పూర్తిగా ముక్కలో పట్టదు, బేస్ గుర్రుమంటుంది. పోనీ పొడవు పెంచితే మృదంగం దెబ్బ పూర్తిగా ఒక ముక్కలో ఇమిడిపోయి, ఆ ముక్కను రెండోసారి వాడినప్పుడు ‘తా’ అన్నచోట ‘తాతా’ అని పలుకుతుంది. వేగం పెంచేటప్పుడు దెబ్బ ఉన్న ముక్క వదిలేసిన ముక్కల్లో పడితే ఆ దెబ్బే మాయమవుతుంది. కాబట్టి నత్తి వినిపిస్తే ముక్క పొడవు తగ్గించి చూడాలి, గుర్రు వినిపిస్తే పెంచి చూడాలి. ఒకే ట్రాకులో రెండూ వినిపిస్తున్నాయంటే ఈ పద్ధతి ఆ ట్రాకుకు పనికిరాదని అర్థం.

రెండో ఊహ గణితం వైపు నుంచి వచ్చింది. 1966లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ ఫ్లానగన్, రోజర్ గోల్డెన్ ఫేజ్ వొకోడర్‌ను ప్రకటించారు. ఇందులో ధ్వనిని ముక్కలుగా అతకరు. ఒక్కో కిటికీలోంచి చూసి, ఆ క్షణంలో ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత బలంతో ఉన్నాయో లెక్క తీసి, ఆ లెక్క నుంచి ధ్వనిని కొత్త కాలమానంలో మళ్లీ అల్లుతారు. గొంతుల గుంపునైనా, పూర్తి ఆర్కెస్ట్రానైనా ఇది నత్తి లేకుండా సాగదీస్తుంది. దీని చిక్కు ఇంకోచోట ఉంది.

2,048 అంకెల కిటికీ అంటే దాదాపు 46 మిల్లీసెకన్ల ధ్వని. అందులో పౌనఃపున్యాలను 21.5 హెర్ట్జ్ మెట్లలోనే విడదీయగలం. కిటికీని 4,096కు పెంచితే మెట్టు 10.8 హెర్ట్జ్‌కు తగ్గుతుంది, కిటికీ మాత్రం 93 మిల్లీసెకన్లు అవుతుంది. 65 హెర్ట్జ్ దగ్గర పక్కపక్క స్వరస్థానాల మధ్య తేడా నాలుగు హెర్ట్జ్‌లే. అంటే మంద్రస్థాయికి కిటికీ ఎంత వెడల్పుంటే అంత మంచిది. దెబ్బకు మాత్రం అదే శత్రువు. దెబ్బ పుట్టి పదునెక్కేది కొద్ది మిల్లీసెకన్లలోనే. 93 మిల్లీసెకన్ల కిటికీలో అది ఎక్కడ పడిందో లెక్కకు అంతుబట్టదు, కాబట్టి కిటికీ పొడవునా దాన్ని పులిమేస్తుంది. దెబ్బ పడకముందే దాని నీడ సుయ్‌మని వినిపిస్తుంది. ఎప్పుడు మోగింది, ఏ స్వరంలో మోగింది అన్న రెండు ప్రశ్నలకూ ఒకేసారి కచ్చితమైన జవాబు రాదని 1946 నాటి వ్యాసంలో చెప్పింది కూడా ఆ గాబరే. ఏ కంపెనీ ఎంత గొప్ప ప్రోగ్రాము రాసినా ఈ గోడను దూకలేదు. పక్కనుంచి తప్పుకుపోయే దారులు వెతుక్కోవాల్సిందే.

గొంతు వెనక వినిపించే ఆ రేకుడబ్బా రొద ఈ పద్ధతి పెట్టే ఇంకో మరక. కోలాటంలో ఎనిమిది జతల కర్రలు ఒక్క క్షణంలో తగిలితే ఒకే ఒక్క పదునైన చప్పుడు పుడుతుంది. అవే కర్రలు వెంట్రుకవాసి ముందూ వెనకా తగిలితే గలగలమంటుంది. బలం ఎక్కడా తగ్గలేదు, పదును పోయింది. గొంతులోనూ ఇంతే. స్వరతంత్రులు మూసుకున్న ప్రతిసారీ అందులోని ఉపస్వరాలన్నీ ఒకేసారి లేస్తాయి. ఫేజ్ వొకోడర్ ఒక్కో పౌనఃపున్యాన్ని విడివిడిగా జరుపుతుంది కాబట్టి ఈ కలిసికట్టు చెదిరిపోతుంది. దగ్గరగా నిలబడి పాడిన గొంతు ఖాళీ హాలు అవతల నుంచి పాడినట్టుంటుంది. 1999లో జాన్ లరోష్, మార్క్ డాల్సన్ బలమైన పౌనఃపున్యాన్ని నాయకుడిగా పెట్టి చుట్టుపక్కలవాటిని దానికి కట్టేసే ఉపాయం చూపారు. 2003లో ఆక్సెల్ రోబెల్ దెబ్బ పడిన చోట ఫేజ్ లెక్కను, అంటే తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పే లెక్కను, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునే పద్ధతి ప్రతిపాదించాడు. నేటి సాఫ్ట్‌వేర్‌లలో మంచివన్నీ ఈ రకం ఉపాయాలను కలగలిపి వాడేవే. దెబ్బ పడిందని పసిగడితే ఒక దారి, నిలకడ స్వరమైతే ఇంకో దారి.

పసిగట్టలేకపోతే? అక్కడే మనిషి చేయి కావాలి. సంగీత సాఫ్ట్‌వేర్‌లలో కనిపించే రకరకాల మోడ్‌లన్నీ ఒకే ప్రశ్నను వేర్వేరు మాటల్లో అడుగుతున్నాయి: ఈ ట్రాకులో ఉన్నది ఏమిటి? 2001లో వచ్చిన ఏబుల్‌టన్ లైవ్‌లో బీట్స్, టోన్స్, టెక్స్‌చర్, కాంప్లెక్స్, కాంప్లెక్స్ ప్రో అంటారు. ప్రో టూల్స్‌లో రిథ్మిక్, మోనోఫోనిక్, పాలిఫోనిక్, ఎక్స్-ఫామ్ అంటారు. లాజిక్‌లోని ఫ్లెక్స్ టైమ్‌లోనూ దాదాపు ఇవే పేర్లు. క్యూబేస్, రీపర్‌లలో బెర్లిన్‌కు చెందిన జీప్లేన్ సంస్థ తయారుచేసిన ఎలాస్టీక్ కనిపిస్తుంది. డప్పు, తబలా, డోలు వంటి వాటికి దెబ్బను కాపాడే మోడ్ పెట్టాలి. ఒక్క గొంతుకో ఒక్క వేణువుకో మోనోఫోనిక్ మోడ్ సరిపోతుంది. అన్నీ కలిసిన పాటకు కాంప్లెక్స్ లేదా పాలిఫోనిక్ తప్పదు. చెప్పుకోవడానికి సిగ్గుపడేంత చిన్న విషయమే గానీ, పాట చెడిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఫైలు లోపలికి లాగగానే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన మోడ్ పెడుతుంది. అది డ్రమ్ముల మోడ్ అయితే, తంబుర మీద నిలబడిన ఆలాపన కూడా తరుగుబల్ల మీద పడినట్టవుతుంది.

ఇక ఒక పాత సినిమా పాటను రీమిక్స్ చేసే పనిని తీసుకుంటే ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకే గదిలో కూర్చుని ఒకే టేకులో పాడి వాయించిన కాలం నాటి పాట అనుకుందాం. చెవిలో లయ చూపే క్లిక్ వినిపించేది కాదు, సంగీత దర్శకుడి చేయే గడియారం. పల్లవి నిమిషానికి 96 దెబ్బల దగ్గర మొదలై, చరణంలో భావంతో పాటు కాస్త జారి, చివరికి 98కి చేరవచ్చు. అది తప్పు కాదు, పాట ఊపిరి అది. డీజేకు మాత్రం అది 104 దగ్గర రాయిలా కదలకుండా ఉండాలి. 96 నుంచి 104 అంటే వేగం 8.3 శాతం పెంచడం. నాలుగు నిమిషాల పాట దాదాపు 3 నిమిషాల 41 సెకన్లు అవుతుంది. ఈపాటి మార్పును మంచి సాఫ్ట్‌వేర్ పెద్ద నష్టం లేకుండానే మోస్తుంది. చెడేది సాధారణంగా మార్కర్ల దగ్గర.

పాట లోపలికి రాగానే సాఫ్ట్‌వేర్ దాని లయను తనే లెక్కగట్టి, ఎక్కడెక్కడ దెబ్బ పడుతోందో మార్కర్లు పాతుతుంది. ఆ లెక్క నాలుగు దెబ్బల పాశ్చాత్య కొలత మీద నడుస్తుంది. ఏడు మాత్రల మిశ్రచాపు ఇచ్చి చూస్తే అది మొదటి ఆవర్తనంలోనే తికమకపడుతుంది. కొన్నిసార్లు 96ను 48 అనో 192 అనో చదువుతుంది. మొదటి ధ్వని వినబడిన చోటే మొదటి దెబ్బ అనుకోవడం ఇంకో జబ్బు. తాళం మొదలైన తర్వాత పాట ఎత్తుకునే అనాగత ఎత్తుగడ గురించి దానికెవరు చెప్పాలి? ఇలా తప్పుగా పడిన ఒక్కో మార్కరు తన రెండువైపులా ఉన్న పాటను ఒకవైపు లాగి ఒకవైపు నొక్కుతుంది. గొంతు ఉన్నట్టుండి పరిగెత్తి, వెంటనే ఆగినట్టుంటుంది. అల్గారిదం మార్చి మార్చి విసిగేకన్నా, సాఫ్ట్‌వేర్ పాతిన మార్కర్లన్నీ పీకేసి, మొదటి సమం చెవితో విని అక్కడ ఒకటి, ఆవర్తనానికి ఒకటి చొప్పున చేత్తో పెట్టుకోవడం త్వరగా తెమిలే పని. ప్రతి దెబ్బకూ మార్కరు పెట్టాలన్న ఆశ మాత్రం వద్దు. మార్కర్లు ఎన్ని ఉంటే సాగే నిష్పత్తి అన్నిసార్లు మారుతుంది, అలా మారిన ప్రతిసారీ నిలకడ స్వరం ఒక్క క్షణం బెసుకుతుంది.

అన్నిటికన్నా శుభ్రమైన దారి ఒకటుంది. దాన్ని వాడేవారు తక్కువ. పాత పాటను కొత్త గీతల మీదికి లాగే బదులు, కొత్త గీతలనే పాత పాట వెంట నడిపించవచ్చు. టెంపో మ్యాప్ అంటే ఇదే. పాట 96లో ఉంటే 96, చరణంలో 95కు జారితే 95 అని సాఫ్ట్‌వేర్‌కు రాసిస్తారు. కొత్తగా కట్టే డ్రమ్ములు, కీబోర్డు ఎలాగూ కంప్యూటర్ వాయించేవే కాబట్టి అవి వంగుతాయి. పాత గొంతు మీద గోరు కూడా పడదు. 104 తప్పనిసరి కాకపోతే ఇంతకు మించిన మరమ్మతు లేదు.

తప్పనిసరైతే పాటను విడదీసి సాగదీయడం తర్వాతి మెట్టు. దెబ్బలనూ నిలకడ స్వరాలనూ వేరుచేసి, దెబ్బలకు ముక్కల పద్ధతి, స్వరాలకు ఫేజ్ వొకోడర్ వాడి మళ్లీ కలిపితే ఏ ఒక్క పద్ధతికన్నా మెరుగ్గా వస్తుందని 2014లో జర్మనీలో యోనథాన్ డ్రీడ్గర్, మైనార్డ్ ముల్లర్ బృందం చూపింది. 2019లో డీజర్ సంస్థ విడుదల చేసిన స్ప్లీటర్, మెటా పరిశోధకుల డెముక్స్ వంటి ప్రోగ్రాములు గొంతును, డ్రమ్ములను, బేస్‌ను వేరుచేసి ఇస్తాయి. అప్పుడు ఒక్కోదానికి దానికి తగిన మోడ్ పెట్టవచ్చు. అయితే ఈ విడదీత కూడా ఊహే. గొంతు ట్రాకులో వయొలిన్ అవశేషాలు నీటిబుడగల్లా మిగులుతాయి, సాగదీస్తే అవి ఇంకా ఉబ్బుతాయి. అన్నీ ఒకే మోనో ట్రాకులో పడిన పాత రికార్డుల్లో ఈ బాధ ఎక్కువ. కలిపి విన్నప్పుడు చాలావరకు కప్పబడిపోతుంది కానీ, గొంతు ఒక్కటే మిగిలే చోట బయటపడుతుంది.

గొంతు విషయంలో తెలుగుకు తనదైన చిక్కు ఒకటి ఉంది. మన భాషలో అక్షరం పొడవే అర్థాన్ని మారుస్తుంది. ‘పడు’ వేరు, ‘పాడు’ వేరు. ‘గడి’ వేరు, ‘గడ్డి’ వేరు. పాట మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో సాగదీస్తే పొడవుల మధ్య పొత్తు చెడదు కాబట్టి చెవి సరిగ్గానే అర్థం చేసుకుంటుంది. కానీ తాళానికి అందని ఒక్క మాటను పట్టుకుని లాగినప్పుడు, ఆ అక్షరం ఒక్కటే పొడవై, పక్కవి అలాగే ఉంటాయి. ‘కల’ కాస్తా ‘కాల’ అవుతుంది. లాగిన భాగం హల్లు మీద పడితే ఒత్తు లేనిచోట ఒత్తు వినిపిస్తుంది. క, ట, ప వంటి హల్లుల్లో ఉండే క్షణపు నిశ్శబ్దం సాగి, దాని తర్వాతి పేలుడు చీకిపోతుంది. మనుషులు నెమ్మదిగా పాడేటప్పుడు హల్లులను పెద్దగా సాగదీయరు, అచ్చులనే పట్టుకుని నిలుపుతారు. సాఫ్ట్‌వేర్‌తోనూ అదే చేయించాలి. హల్లుకు ముందొకటి, హల్లు దాటాక ఒకటి మార్కర్లు పెట్టి దాని పొడవును కదలకుండా కట్టేసి, బరువంతా దీర్ఘాచ్చు మీద వేయాలి. హ్రస్వాచ్చు జోలికి పోకపోవడమే మేలు.

గమకం కూడా ఇలాంటిదే. సెకనుకు ఆరుసార్లు ఊగే కంపితాన్ని 80 శాతం వేగానికి తగ్గిస్తే 4.8 సార్లే ఊగుతుంది. అల్గారిదం తప్పు ఏమీ చేయకపోయినా గాయకుడికి మత్తెక్కినట్టుంటుంది. వేగం పెంచితే అదే గమకం భయంతో వణికినట్టవుతుంది. మెలొడైన్ వంటి, స్వరం స్వరంగా పట్టుకుని దిద్దే ప్రోగ్రాముల్లో శ్రుతి ఊగును విడిగా తగ్గించే పరికరాలున్నాయి. కర్ణాటక సంగీతంలో గమకం అలంకారం కాదు, స్వరంలో భాగమే. అందుకే అక్కడ ఆ పరికరాలతో జాగ్రత్త. ఊగు తగ్గించబోతే రాగమే తగ్గవచ్చు.

వేగాన్ని ముట్టుకోకుండా శ్రుతి మార్చడం కూడా ఇదే పనికి మరో ముఖం. మగ గొంతు ఒకటో శ్రుతిలో పాడిన పాట ట్రాకును ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయి కోసం మార్చాలంటే, సాఫ్ట్‌వేర్ ముందు దాన్ని సాగదీసి, ఆ తర్వాత పాత టేపులా వేగంగా నడిపిస్తుంది. వాద్యాలకు ఇది సరే. గొంతు ఉంటే అది కార్టూను ఎలుక గొంతవుతుంది. గొంతుకు గుర్తింపునిచ్చేవి నోరు, కంఠం అనే గొట్టం ఆకారం వల్ల బలపడే పౌనఃపున్యాలు. వీటిని ఫార్మెంట్లు అంటారు. మనిషి పై స్వరం అందుకున్నప్పుడు ఆ గొట్టం కుంచించుకుపోదు. సాఫ్ట్‌వేర్ మాత్రం వాటినీ పైకి తోసేస్తుంది. ఫార్మెంట్లను కాపాడే మీట నొక్కితే ఈ జబ్బు పోతుంది. పై స్థాయి గొంతుల్లో ఉపస్వరాలు దూరం దూరంగా ఉండటంతో ఫార్మెంట్ల ఆకారాన్ని లెక్కగట్టడం కష్టమై, కొన్నిసార్లు ఆ మీటే కొత్త మరక పెడుతుంది. ఏబుల్‌టన్ కాంప్లెక్స్ ప్రోలో ఎన్వలప్ అనే విలువను ఇలాంటి గొంతులకు తగ్గించి చూడమని దాని కరదీపికే చెబుతుంది. ఏదైనా నాలుగైదు స్వరస్థానాలు దాటాక గొంతు సహజంగా ఉండాలని కోరుకోవడం అత్యాశే.

స్టీరియో ట్రాకులో కుడి ఎడమ చానల్‌లను విడదీసి వేర్వేరుగా సాగదీస్తే నడిమధ్య నిలబడాల్సిన గొంతు చెదిరి రెండువైపులా పరుచుకుంటుంది. మోనోలో వింటే బోలుగా మారుతుంది. మృదంగానికి రెండువైపులా రెండు మైకులు పెట్టి తీసిన రికార్డింగ్‌కూ ఇదే ప్రమాదం. అలాంటివాటిని ఒకే గుంపుగా కట్టి, ఒకే మార్కర్లతో సాగదీయాలి.

సాగదీతకు అసలు సంబంధం లేని దోషాలు కూడా దాని నెత్తిన పడుతుంటాయి. 44,100 నమూనాల ఫైలును 48,000 అనుకుని చదివితే పాట 8.8 శాతం వేగం పెరిగి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. సాగదీత ఆపేసినా అలాగే వినిపిస్తుంటే చూడాల్సింది అల్గారిదాన్ని కాదు, ఫైలు సెట్టింగును. ఎంపీ3లో కుదింపు వల్ల దెబ్బకు ముందు చిన్న నీడ ముందే ఉంటుంది. సాగదీస్తే ఆ నీడ కూడా సాగుతుంది. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది వేవ్ ఫైలు మీద, వీలైతే రివర్బ్ (ప్రతిధ్వని) కలపని ట్రాకు మీద. ఒకసారి సాగదీసిన దాన్ని మళ్లీ సాగదీయకూడదు. నిష్పత్తి మార్చాలనిపిస్తే అసలు ఫైలుకే తిరిగి వెళ్లాలి. పని చేసేటప్పుడు వినిపించేదే తుది రూపమని కంగారుపడనక్కరలేదు. ప్రో టూల్స్ ఎక్స్-ఫామ్ లాంటి మోడ్‌లు అప్పటికప్పుడు వినిపించవు, తీరిగ్గా లెక్కగట్టి రాసిస్తాయి. నాణ్యత కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

మార్పు రెండు మూడు శాతమే అయితే గ్రామఫోను దారే మంచిది. వేగం 2 శాతం పెంచితే శ్రుతి ఒక స్వరస్థానంలో మూడో వంతు పెరుగుతుంది. కొత్తగా చేర్చే వాద్యాలను అంతమేర పైకి శ్రుతి చేసుకుంటే సరి, ఒక్క మరక కూడా పడదు. రీ-పిచ్, వేరీస్పీడ్ అన్న పేర్లతో ఉండే మోడ్‌లు ఇవే. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల పాల్ (PAL) పద్ధతి టీవీ కోసం ఇలా వేగం పెంచి చూపడం ఆ పద్ధతి పాటించిన దేశాల్లో మామూలుగా ఉండేది. పాటల శ్రుతి స్వరస్థానంలో ఏడు పదో వంతుల మేర పెరిగిపోయేది. టీవీ ముందు కూర్చున్నవారిలో దాన్ని పట్టుకున్నవారు అరుదు.

ఏం చేసినా మెత్తబడే దెబ్బకు ఒక పాత స్టూడియో చిట్కా ఉంది. సాగదీయని అసలు ట్రాకు నుంచి ఆ దెబ్బ మొదటి 20, 30 మిల్లీసెకన్లను కోసి, సాగదీసిన దాని తల మీద అతికి, చివర చిన్న క్రాస్‌ఫేడ్ ఇస్తారు. చెవి దెబ్బను గుర్తుపట్టేది దాని తలతోనే. తోక ఎంత సాగిందో పట్టించుకోదు. డప్పు ఒక్కటే ఉన్న ట్రాకైతే దెబ్బ దెబ్బకూ కోసి, ముక్కలను జరిపి పెడితే అసలు సాగదీతే అవసరం లేదు. నెమ్మది చేసినప్పుడు మధ్యలో మిగిలే ఖాళీలకు మాత్రం ఏదో ఒకటి చేయాలి. కొద్దిగా రివర్బ్ వేస్తే చాలావరకు పూడిపోతాయి.

రెట్టింపు, మూడు రెట్లు దాటిన సాగదీతకు ఇవేవీ నిలవవు. రుమేనియాకు చెందిన నాస్కా ఒక్టావియన్ పాల్ రాసిన పాల్‌స్ట్రెచ్ అనే ఉచిత ప్రోగ్రాము అక్కడ వేరే తోవ తొక్కింది. దెబ్బలను కాపాడే ప్రయత్నమే మానేసి, ఫేజ్‌లను కావాలని చిందరవందర చేసి, మూడు నిమిషాల పాటను గంటసేపు సాగే మేఘంలా మార్చేస్తుంది. 1990ల తొలినాళ్లలో బ్రిటన్‌లో జంగిల్ అనే శైలి సంగీతకారులు ఇంకో అడుగు ముందుకేశారు. అకాయ్ ఎస్ 1000 తరం శాంప్లర్లలో (ధ్వని ముక్కలను దాచుకుని వాయించే పరికరాల్లో) గొంతును మితిమీరి లాగితే పుట్టే లోహపు గరగరనే పాటకు అలంకారంగా వాడారు. ఆ శాంప్లర్లు ఇప్పుడు అటకలెక్కాయి. వాటి గరగర మాత్రం కావాలనుకునేవారి కోసం, ఆ పాత తప్పును ఉన్నదున్నట్టు చేసిపెట్టే అకాయిజర్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది.